గణపురం కోట కింద ఆగిన బండి

ఊరు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా టెంపరేచర్ సూది ఎర్రగీతను తాకింది. ముందు తియ్యటి వాసనేదో వచ్చింది. ఆ వెనకే బానెట్ సందుల్లోంచి తెల్లటి ఆవిరి. "నాన్నా, పొగ!" అని పిల్లాడు అరిచేలోపే తండ్రి వ్యాన్‌ను రోడ్డు పక్కకు తీసి తాళంచెవి తిప్పేశాడు. ఎదురుగా జనవరి సాయంత్రపు ఎండలో రెండు కొండలు, వాటిని కలుపుతూ పాములా సాగిన రాతిగోడ. అదే ఖిల్లా ఘణపూర్. చూద్దామని వచ్చిన కోట కళ్లెదుటే ఉంది. చూసే మనసే ఎవరికీ లేదు.

ఎందుకంటే ఆ బండి మర్నాడు మధ్యాహ్నంలోగా అలంపూర్‌లో ఉండాలి.

ఆ ఇంటి పెద్దాయన పోయి మూడేళ్లు. తద్దినం తుంగభద్ర ఒడ్డునే పెట్టాలన్నది పెద్దావిడ పట్టు. ఆయన పుట్టింది ఆ నేల మీదే. ఎలాగూ వెళ్తున్నాం కదా, పిల్లలకు దారిలో ఓ కోట చూపిద్దాం, రాత్రి చెరువు దగ్గర బండిలోనే పడుకుందాం, తెల్లారి బయల్దేరితే పది గంటలకల్లా అలంపూర్ అని కొడుకు లెక్క వేశాడు. లెక్క బాగానే ఉంది. అందులో రేడియేటర్ పైపు సంగతి ఒక్కటే లేదు.

ఆ వ్యాన్ గురించి కాస్త చెప్పుకోవాలి. పదమూడు సీట్ల పాత డీజిల్ బండి. సీట్లు పీకించి రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, దానికో వేరే బ్యాటరీ, ఎనభై లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టించుకున్నారు. ఇలాంటి బళ్లను ఇప్పుడు అందరూ కారవాన్ అంటున్నారు. సినిమావాళ్ల షూటింగుల దగ్గర తప్ప మామూలు జనం వీటిని ఎరగని కాలం ఒకటుండేది. 2009లో కేంద్ర పర్యాటక శాఖ కారవాన్లకూ, అవి ఆగే పార్కులకూ ఓ విధానం ప్రకటించింది. కేరళ 2021లో సొంతంగా ఇంకోటి తెచ్చింది. కరోనా తర్వాత మన దగ్గరా ఈ మోజు పెరిగింది. హోటల్ గది బుక్ చేయక్కర్లేదు, పక్కవాడి దుప్పటి కప్పుకోనక్కర్లేదు, ఎక్కడ నచ్చితే అక్కడ ఆగొచ్చు. బాగుంది. కానీ ఇల్లూ బండీ ఒక్కటే అయినప్పుడు బండి ఆగితే ఇల్లు కూడా ఆగుతుంది. మంచాలకూ పరదాలకూ లక్షలు పోసినవాళ్లు ఏడేళ్ల నాటి రబ్బరు పైపు మార్చడానికి కొన్ని వందలు తీయరు. ఈ ఇంటాయనా తీయలేదు.

మూత తియ్యకుండ్రి!

బానెట్ ఎత్తగానే రేడియేటర్ పైనుంచి ఇంజన్‌లోకి వెళ్లే లావుపాటి గొట్టం కనిపించింది. క్లాంపు పక్కనే చిన్న చీలిక. అక్కడినుంచి ఆకుపచ్చ నీళ్లు బుసబుసలాడుతూ చిమ్ముతున్నాయి. కొడుకు చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు.

"సారూ! మూత తియ్యకుండ్రి! మొకం మీదికి ఎగుర్తది!"

సైకిల్ మీద పోతున్న ఓ ముసలాయన కేక అది. ఆయన సైకిల్ దిగి స్టాండు వేసేదాకా ఎవరూ కదల్లేదు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మూత బిగించి ఉన్నంతసేపు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన మరుక్షణం ఆ ఒత్తిడి పోయి, ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా మరిగి పైకి లేస్తాయి. రోడ్ల మీద మొహాలూ చేతులూ కాలేది చాలాసార్లు ఇలాగే. రెండో తప్పు, కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరించడం. వేడెక్కిన ఇనుము ఒక్కసారిగా ముడుచుకుంటుంది, హెడ్డు పగులుతుంది. అప్పుడు పోయేది పైపు కాదు, ఇంజనే.

"ఓ అరగంట సల్లారనీయిండ్రి. ఏడికి వోవాలె?"

"అలంపూర్ వెళ్లాలండి, రేపటికల్లా."

"అబ్బో" అన్నాడాయన. ఆ అబ్బోలో దూరం లెక్క కూడా ఉంది. హైవే ఎక్కి కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, ఎర్రవల్లి, అలంపూర్ చౌరస్తా. కాస్త అటూ ఇటుగా వంద కిలోమీటర్లు.

కోడలు బీమా కంపెనీ నంబరుకు ఫోన్ చేసింది. అటు వైపు అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. లొకేషన్ పంపమంది, ఫొటోలు పంపమంది. బండి ఎత్తు విన్నాక, అంత ఎత్తుది మోసుకెళ్లే వాహనం రేపు మధ్యాహ్నం తర్వాతే పంపగలమని చెప్పింది. ఈలోగా పిల్లలిద్దరూ సీసాలు పట్టుకుని నీళ్లకోసం వెతకడం మొదలుపెట్టారు. పెద్దావిడ కిటికీలోంచి చూస్తూ, "ఎనభై లీటర్లు వెంట పెట్టుకుని సీసాలు పట్టుకు తిరుగుతారేంట్రా?" అంది. అప్పటిదాకా స్నానాల ట్యాంకు సంగతి ఒక్కరికీ తట్టలేదు.

రాయి మోసిన బండి

ముసలాయన వెళ్లి ట్రాక్టర్ పంపించాడు. మోకు కట్టి లాగుతుంటే వ్యాన్ నడపడం చూసినంత సులువు కాదు. ఇంజన్ ఆగితే బ్రేకుకు సాయం పోతుంది, పెడలు రాయిలా బిగుసుకుంటుంది. స్టీరింగు రెండింతలు బరువెక్కుతుంది. తాళంచెవి తీసేస్తే స్టీరింగు అసలు లాకైపోయినా అయిపోవచ్చు. "తాళంచెయ్యి ఆన్‌ల ఉంచు సారూ, మోకు బిర్రుగ ఉండేటట్టు సూస్కో" అని ట్రాక్టరాయన రెండుసార్లు చెప్పి గానీ కదల్లేదు. పెద్దావిడనూ పిల్లలనూ దించి ట్రాలీలో కూర్చోబెట్టారు. కూతురికి ఈ ప్రయాణం మొత్తంలో బాగా నచ్చిన భాగం అదేనట.

కదలని బరువును పదిమంది కలిసి కదిలించడం ఈ కోట కట్టించిన వంశానికి కొత్తేమీ కాదు. పదమూడో శతాబ్దంలో కాకతీయుల సామంతుడు గోన గన్నారెడ్డి కట్టించిన కోట ఇది. ఏలిక గణపతిదేవుడి పేరు మీద గణపురం అయింది. తర్వాత్తర్వాత ఘణపూర్‌గా మారింది. మన రాష్ట్రంలో ఘణపూర్‌లు ఇంకా ఉన్నాయి, స్టేషన్ ఘణపూర్ ఒకటి. రైలు స్టేషన్ ఉన్నది అది, ఖిల్లా ఉన్నది ఇది. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి కూడా ఈ గోనవారే. అడవి బాపిరాజు నవల పేరే 'గోన గన్నారెడ్డి'. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో ఆ వేషం వేసింది అల్లు అర్జున్. కోట పేరు చెబితే పిల్లాడికి వెలిగింది ఈ చివరిదే.

ఇదే గన్నారెడ్డి తరఫున విఠలనాథుడు 1294లో రాయచూరు కోట కట్టించాడు. ఆ సంగతి చెక్కిన రాయి ఇప్పటికీ అక్కడి గోడలో ఉంది. ఒకే రాయి, పొడవు నలభై ఒక్క అడుగులు పైనే. అంత రాయిని ఎలా తెచ్చారో కూడా పక్కనే గీతల బొమ్మగా చెక్కారు. చక్రాల బండి, దాని మీద రాయి, ముందు బారులు తీరిన పశువులు, చక్రాల దగ్గర కర్రలు వేసి మీటుతున్న మనుషులు. రాజుల బొమ్మలు మనకు కావలసినన్ని ఉన్నాయి. దిగబడిన బండినీ దాన్ని తోసినవాళ్లనీ రాతిమీదికి ఎక్కించిన బొమ్మలు ఎన్ని ఉంటాయి? రాయచూరు వెళ్లినవాళ్లు ఆ గోడ దగ్గర ఓ పది నిమిషాలు ఎక్కువ నిలబడవచ్చు.

సైకిల్ ట్యూబు వైద్యం

ట్రాక్టర్ తెచ్చి వదిలింది ఓ పంక్చర్ దుకాణం ముందు. ఓ రేకుల షెడ్డు, గాలి మిషను, నీళ్ల తొట్టి, గోడకు వేలాడుతున్న పాత ట్యూబులు. నలభై ఏళ్లు దాటిన యజమాని బానెట్‌లోకి టార్చి వేసి చూసి, "ఇంజన్ ఎంతసేపు గరం నడిసింది?" అని మొదటి ప్రశ్న వేశాడు. ఆవిరి కనబడగానే ఆపేశామన్నాక అతని మొహంలో బిగువు తగ్గింది. ఆయిల్ పుల్ల తీసి వేలితో రుద్ది చూశాడు. నూనెలో నీళ్లు కలిస్తే అది మజ్జిగలా తెల్లబడుతుంది. తెల్లబడలేదు. "ఇంజన్ మంచిగనే ఉన్నది. గిది పైపు పనే."

అతను మెకానిక్ బోర్డు పెట్టుకున్నవాడు కాదు. కానీ పదేళ్లకు పైగా మహారాష్ట్రలో, కర్ణాటకలో ప్రాజెక్టు పనుల దగ్గర టిప్పర్ మీద క్లీనరుగా, తర్వాత డ్రైవరుగా ఉన్నాడు. ఇది పాలమూరు. నీళ్లు లేక, పనుల్లేక గుంపు మేస్త్రీల వెంట ఊళ్లకు ఊళ్లు వలసపోయిన జిల్లా. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాల్వలకు, రోడ్లకు మట్టి ఎత్తింది 'పాలమూరు లేబర్'. ఆ వలసల కష్టం గురించి ఎంతో రాశారు, రాయాల్సిందే. ఆ కష్టంలోంచి వీళ్లు పట్టుకొచ్చిన పనితనం గురించే తక్కువ రాశారు. అడవి మధ్య సైటులో టిప్పర్ ఆగితే కంపెనీ మెకానిక్ వచ్చేదాకా ఆగేవాడెవడు? ఉన్నదాంతో నడిపించాలి. అతని చేతుల్లో ఉన్నది ఆ చదువు.

చీలిక గొట్టం చివర, క్లాంపుకు ఆనుకునే ఉండటం అదృష్టం. పైపు ఊడదీసి చీలిన ముక్కను బ్లేడుతో కోసేశాడు. ఓ అంగుళంన్నర పోయింది. మిగిలిన పైపు సాగదీస్తే మూతికి అందింది గానీ పట్టు చాలదు, పైగా రబ్బరు పాతది. గోడమీది సైకిల్ ట్యూబు ఒకటి దించి వేలెడు వెడల్పు పట్టీగా కోశాడు. దాన్ని బాగా సాగదీస్తూ, చుట్టు మీద సగం చుట్టు పడేలా గొట్టం మీద బిగించి చుట్టాడు. ఇలా సాగదీసి చుట్టిన రబ్బరు తనంతట తానే లోపలికి నొక్కుతూ ఉంటుంది. పైన సెంట్రింగ్ పనుల్లో వాడే బైండింగ్ వైరు మూడు చోట్ల మెలిపెట్టి కట్టాడు.

అప్పటికి చీకటి పడింది. స్నానాల ట్యాంకులో నీళ్లే రేడియేటర్‌లో పోసి ఇంజన్ తిప్పారు. ఇరవై నిమిషాల తర్వాత అడుగున కాగితం పరిచి చూస్తే మూడు చుక్కలు. "ఈ మూడు సుక్కలు పొద్దుగాల్లకు ముప్పయి గావొద్దు, గంతే" అన్నాడతను.

నూట పాతికేళ్లకు పైగా కారు నడిపేవాళ్లు చేస్తున్నది ఇదే. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఆయన తయారుచేసిన మోటారు బండి తీసుకుని, ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి బయల్దేరింది. కారులో మనిషి చేసిన తొలి దూర ప్రయాణంగా దాన్ని చెబుతారు. నూరు కిలోమీటర్ల పైచిలుకు. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచింది. తీగ ఒరుసుకుపోతే మేజోళ్ల పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. దారి పొడుగునా ఆగి ఆగి ఇంజన్‌కు నీళ్లు పోసుకుంటూ వెళ్లింది. ఘణపూర్ నుంచి అలంపూర్ కూడా దాదాపు అంతే దూరం!

రాత్రి

షెడ్డు పక్కన ఖాళీ జాగాలో బండి పెట్టుకోమన్నారు. అనుకున్న చెరువు గట్టు కాదు, లాంతరు వెలుగూ కాదు. రోడ్డు పక్క ట్యూబ్‌లైటు, కుక్కలు, అప్పుడప్పుడూ ఒక లారీ. ఎదురింటి ఆవిడ జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు, పప్పు పట్టుకొచ్చింది. పిల్లలు, కోడలు లాగించేశారు. కొడుకు ముట్టుకోలేదు. రొట్టెలు తెచ్చినామె చిన్నబుచ్చుకుంది.

"తప్పుగా అనుకోకమ్మా. రేపు మా ఇంటాయన తద్దినం. పెట్టేవాడు రాత్రి అన్నం తినకూడదు, నేనూ తినను" అని పెద్దావిడ సర్ది చెప్పింది. ఆమె వెంటనే వెళ్లి గిన్నెడు పాలు, నాలుగు అరటిపళ్లు తెచ్చిపెట్టింది. "గది ముందుగాల జెప్పాలె గద పెద్దమ్మా!"

తర్వాత పిల్లలు పడుకున్నారు గానీ పెద్దవాళ్లకు నిద్ర లేదు. అలంపూర్ పురోహితుడికి ఫోన్ చేస్తే, అపరాహ్ణంలో పెట్టాలి కాబట్టి పన్నెండుకల్లా నదిలో స్నానం అయిపోవాలన్నాడు. కోడలు ఒక దారి చెప్పింది. "మీరూ అత్తయ్యా పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోండి. నేను పిల్లల్తో బండి దగ్గరుంటాను." మంచి ఆలోచనే. కొడుక్కి మింగుడుపడలేదు. తెలియని ఊళ్లో, ఆగిన బండిలో వాళ్లను వదిలి వెళ్లడమా? అలాగని అతుకు వేసిన పైపుతో తల్లిని ఎక్కించుకుని హైవే ఎక్కి మధ్యలో ఆగిపోతే? ఇంజన్ బిగుసుకుపోతే లక్ష పైన మాట. తిథి దాటితే లక్షకు వచ్చేది కాదు.

"మీ నాన్న బస్సులోనే తిరిగాడురా జీవితమంతా" అంది పెద్దావిడ. తర్వాత ఇంకేం మాట్లాడలేదు.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కృష్ణ దాటి ఈ పాలమూరు నేల మీదుగానే హైదరాబాదు చేరాడు. పల్లకీ, బోయీలు, డేరాలు, వంటసామాను, పెద్ద పరివారం. ఆ రోజుల్లో అదే కారవాన్. వెళ్లి రావడానికి పదిహేను నెలలు పైనే పట్టింది. ఆ లెక్కన ఒక రాత్రి ఆగడం ఒక ఆగడమేనా అనిపించవచ్చు. కానీ తెల్లారితే తండ్రి తద్దినం పెట్టాల్సినవాడికి ఆ మాట చెప్పి చూడండి.

కొండ మీద నుంచి

అయిదున్నరకే తండ్రీ కూతురూ కొండెక్కారు. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు మళ్లీ ఒకసారి బిగించి చూస్తానని, ఏడున్నర లోపు రమ్మని పంక్చర్ షాపతను చెప్పాడు. పూర్తిగా ఎక్కి తిరగాలంటే సగం పూట కావాలి. వాళ్లకు దొరికింది రెండు గంటలు. ముళ్లకంపలు, దొర్లిపడిన గోడలు, ఒకదాని తర్వాత ఒకటి దర్వాజాలు, సున్నం లేకుండా పేర్చిన రాళ్లు. మెట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల ఉన్నాయనుకోవాలి. పైన తుప్పుపట్టిన ఫిరంగి, పాడుబడిన గుళ్లు. గోనవారి తర్వాత బహమనీలు, విజయనగరం, కుతుబ్ షాహీలు ఇలా ఎన్ని చేతులు మారిందో ఈ కోట. వారాంతాల్లో హైదరాబాద్ నుంచి ట్రెకింగ్ గుంపులు వస్తుంటాయి. వచ్చేవాళ్లు నీళ్లు, బూట్లు, కర్ర తెచ్చుకోవడం మంచిది. ఎండాకాలం అసలు వద్దు.

కోట గోడను కిందినుంచి చూస్తే యుద్ధం గుర్తొస్తుంది. పైనుంచి చూస్తే మాత్రం నీళ్లే కనబడతాయి. కొండ మీద రాళ్ల మధ్య గుంటలు. కొండ కింద గణపసముద్రం. ఈ కొండల మీద పడ్డ వానను ఆపి పొలాలకు ఇవ్వడానికి ఆ కాలంలోనే తవ్వించిన చెరువు. సముద్రం అనేంత పెద్దదా అని కూతురు అడిగింది. సముద్రం ఎప్పుడూ చూడని ఊరివాళ్లు పెట్టుకున్న పేరు, వాళ్లకు అదే సముద్రం. శత్రువు వచ్చి చుట్టుముడితే కోటను నిలబెట్టేది గోడల ఎత్తు కాదు, లోపలున్న నీళ్లు. రేడియేటర్ గురించి రాత్రంతా ఆలోచించినవాడికి అది ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

దిగేసరికి ఇంజన్ నడుస్తోంది. అడుగున కాగితం పొడిగా ఉంది. పంక్చర్ షాపతను రేడియేటర్ మూతను ఒక మెట్టు వదులుగా పెట్టాడు. లోపల ఒత్తిడి పెరగదు కాబట్టి అతుకు మీద భారం పడదు. కాకపోతే నీళ్లు తొందరగా మరుగుతాయి, అందుకని నలభై దాటొద్దన్నాడు. హీటర్ పూర్తిగా పెట్టి కిటికీలు తెరవాలి. హీటర్ కూడా చిన్న రేడియేటరే కదా, ఇంజన్ వేడిని కొంత అది లాగేస్తుంది. ఏసీ ముట్టుకోవద్దు. పదిహేను కిలోమీటర్లకోసారి ఆగి, చల్లార్చి, చూసి, పోసుకోవాలి.

"వెళ్తుందంటారా?" అని కొడుకు అడిగాడు.

"నేనైతే వోత" అన్నాడతను.

డబ్బులంటే ట్యూబు పాతదే కదా అని నవ్వాడు. బలవంతం చేస్తే రెండొందలు తీసుకున్నాడు. మిగిలిన ట్యూబు ముక్క, వైరు చుట్ట పొట్లం కట్టి డాష్‌బోర్డులో పెట్టాడు. ట్రాక్టరాయన డీజిల్ డబ్బులు తప్ప తీసుకోలేదు. రొట్టెలామెకు పెద్దావిడ తన సంచీలోంచి జాకెట్ గుడ్డ తీసి ఇవ్వబోయి, ఈ రోజు ఇవ్వకూడదేమో అనుకుని ఆగి, కోడలి చేత ఇప్పించింది.

ఎనిమిదింబావుకు కదిలారు. నలభై వేగంతో హైవే మీద పోతుంటే లారీలు కూడా హారన్ కొట్టి దాటిపోయాయి. జనవరి పొద్దున హీటర్ వేడికి పిల్లలు స్వెటర్లు విప్పారు. కొత్తకోటలో ఒక స్పేర్ పార్టుల దుకాణం అప్పుడే తెరుస్తున్నారు. ఆ వంపు పైపు లేదు. దుకాణదారు వచ్చి బానెట్‌లోకి వంగి అతుకు చూశాడు, వైరు మెలికలు వేలితో తడిమాడు. "ఎవరు కట్టిండ్రో గాని మంచిగ కట్టిండ్రు. కదిలియ్యకుండ్రి, గిట్లనే వోండ్రి" అన్నాడు.

పెబ్బేరు దాటాక ఒకసారి, బీచుపల్లిలో వంతెన ముందు ఒకసారి ఆగారు. రెండుసార్లూ కలిపి లీటరున్నర పట్టింది. కృష్ణ కనబడగానే పెద్దావిడ కిటికీలోంచి చేతులు జోడించింది. అలంపూర్ చౌరస్తా చేరేసరికి పదకొండున్నర. అక్కడ ఇంకో అరలీటరు పోసి మూత పెట్టి, కొడుకు చేతులు తుడుచుకోకుండానే స్టీరింగు పట్టుకున్నాడు. పురోహితుడు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.